చీటీ వెనక పది వరుసలు

బేరిగై,
9 జూన్ 2024.

తారమ్మ గారికి,

సోమప్ప నమస్కారాలు. ముందుగా నా చేతిరాతను మన్నించాలి. అక్షరాలు వంకరగా పోతాయి, ఒత్తులు పడవలసిన చోట పడవు. ఎనిమిదో తరగతి తరువాత నేను రాసింది సంతకాలే. తప్పులుంటే మీరే సరిచేసుకొని చదవండి.

పోయిన నెల రాయకోట పెండ్లిలో, భోజనాల దగ్గర, మీరు నన్ను చూసి "ఏం కథల సోమప్పా, బాగుండావా?" అన్నారు. నేను తల ఊపి పక్కకు పోయినాను. అన్ని ఏండ్ల తరువాత పలకరిస్తే తల ఊపి పోయినవాడికి ఉత్తరం రాసే ముఖం ఎక్కడిది? అయినా రాస్తున్నాను. పెండ్లిలో తాంబూలం ఇచ్చిన సంచి మీద మీ పాత్రల అంగడి అడ్రసు ఉండింది.

సంగతి ఇది. మన బడికి డెబ్బై అయిదేండ్లు నిండుతాయి. ఫిబ్రవరిలో పండగ చేసి ఒక పుస్తకం అచ్చు వేస్తారు. బడిలో తెలుగు చెప్పే శశికుమార్ సారు హోసూరు నుంచి రోజూ బస్సులో వస్తారు. మొన్న మా ఇంటికి వచ్చి, "తాతా, కేశవప్ప అయ్యవారి పాత నోటు పుస్తకం దొరికింది. కృష్ణగిరి కథల పోటీలో ఫస్టు ప్రైజు మీకే వచ్చింది. ఊరంతా మిమ్మల్ని కథల సోమప్ప అంటారు. మీ కథ లేని పుస్తకం ఏం పుస్తకం?" అన్నారు. నేను అవుననలేదు, కాదనలేదు. ఆయన అవుననే అనుకొని, టీ తాగి పోయినారు.

ఆ కథలు ఎవరివో మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. మీరు రాసి, కింద నా పేరు పెట్టి, నా సంచిలో వేసేవారు. అయ్యవారు వాటిని బడి గోడకు అంటించేవారు. అవి నావి కావని నేను ఒక్క రోజూ చెప్పలేదు.

అడగడానికి సిగ్గుగా ఉంది. ఇంకొక్క కథ, చిన్నదైనా సరే, రాసి పంపగలరా? ఇదే కడసారి.

సోమప్ప


కృష్ణగిరి, పాత పేట,
20 జూన్ 2024.

సోమప్పకు,

పంపను.

ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది నింపాదిగా చదువుతావని మొదట రాసినాను.

మీరు, గారు ఏమప్పా? నీ పలక లాక్కొని నా లెక్కలు చేసుకున్నదాన్ని. పెండ్లిలో నువ్వు తల ఊపి పోతే నా మనవరాలు నమిత, "ఎవరవ్వా ఆ తాత, పొడిచే ఎద్దును చూసినట్టు నిన్ను చూసి పారిపోతాడు?" అని విరగబడి నవ్వింది. "ఆయన పెద్ద రచయిత, మనతో మాట్లాడడు" అని చెప్పినాను.

నువ్వు అంత సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఆ పని చేసింది నేను. గోడ పత్రిక సంత వైపు గోడకు ఉండేది కదా. సంతకు వచ్చినవాళ్ళంతా మూటలు దించుకొని చదివేవాళ్ళు. "అంగడోళ్ళ ఆడబిడ్డ పేరు సంత గోడ మీద ఉండకూడదు" అని మా నాయన హనుమంతయ్య ఒక్క మాట అన్నాడు. మా ఇంట్లో ఆయన రెండో మాట అనవలసి వచ్చేది కాదు. నువ్వు తరగతిలో వాకిలి పక్కన కూర్చునేవాడివి, నోరు తెరిచేవాడివి కాదు. నాకు అంతకంటే ఏం కావాలి? నిన్ను అడగకుండానే నీ పేరు పెట్టేసినాను.

అది అయిపోయిన కథ. ఇప్పుడు నీ కథ నువ్వు రాయి. ఎనిమిది నెలలు ఉన్నాయి. దిద్దే పని నాది.

రాయడం కొత్త చెప్పు వంటిది, కొన్ని దినాలు కరుస్తుంది. రోజూ ఒకే చోట కూర్చో. ఒకే వేళకు కూర్చో. బాగా రాయాలని మాత్రం కూర్చోవద్దు. మా అంగడి క్యాలెండరు ఒకటి పంపుతున్నాను, దినానికొక చీటీ చించేది. పొద్దున నిన్నటి చీటీ చించు. వెనక తెల్లగా ఉంటుంది. దాని మీద నిన్న ఏం చూసినావో రాయి. పది వరుసలకు మించి పట్టవు. అదే దాని గొప్ప.

అన్నట్టు, ఆ పెన్ను ఉందా? ప్రైజు ఇచ్చిన పచ్చ పెన్ను.

తార


బేరిగై,
14 జూలై 2024.

తారమ్మకు,

గారు తీసేసినాను. అమ్మ మాత్రం ఉండనీ.

క్యాలెండరు చేరింది. నడవలో మేకుకు తగిలించినాను. పొద్దున ఆవులకు గడ్డి వేసి, కాఫీ తాగి, రాగి మూటల మీద కూర్చొని రాస్తున్నాను.

మొదటి వారమే ఒక పొరపాటు జరిగింది. నువ్వు నిన్నటి చీటీ అని రాసినావు. నేను ఆ దినం చీటీనే చించినాను. కోడలు భువన వచ్చి చూసేసరికి మేకు మీద రేపటి చీటీ ఉంది. ఆ పొద్దే మా తోటకు బోరు బండి వచ్చి ఉండింది. రేపటి రాహుకాలం చూసి, అది తప్పించి, సరిగ్గా ఆ దినం రాహుకాలంలో మిషను ఆన్ చేయించింది. మధ్యాహ్నం సంగతి తెలిసి, "మామా, ఏంటికి మామా ఇట్లా చేస్తివి? ఇంక పాతాళం దాకా పోయినా దుమ్మే" అని తల పట్టుకొని కూర్చుంది. తొమ్మిది నూర్ల అడుగుల దగ్గర నీళ్ళు పడినాయి. ఇప్పుడు "ఇంక చీటీ నువ్వే చించు మామా" అంటుంది. ఈ ఇంట్లో నా రాతకు దొరికిన మొదటి మర్యాద ఇదే.

రాసింది మాత్రం చెప్పుకోదగ్గది కాదు. మొదటి చీటీలో "వాన లేదు" అని రాసినాను. రెండో చీటీలోనూ వాన లేదు. అయిదో చీటీలో "వాన వచ్చింది, టమాటకు మంచిది కాదు" అని రాసినాను. తక్కిన తొమ్మిది వరుసలూ నన్ను చూస్తూ ఉంటాయి. నాకు విషయం దొరకదు. ఆ వయసులో నీకు ఎట్లా దొరికేవి?

సోమప్ప


కృష్ణగిరి,
25 జూలై 2024.

సోమప్పకు,

బోరు సంగతి చదివి నవ్వి నవ్వి గల్లా దగ్గరే కండ్లు తుడుచుకున్నాను. ఒరే పెద్దమనిషీ, విషయం దొరకలేదని రాసిన ఉత్తరంలోనే ఇంత కథ చెప్పినావు. చీటీ మీద మాత్రం వాన లేదు! ఎందుకో తెలుసా? ఉత్తరం నాకు రాసినావు. చీటీ ఎవరికీ రాయలేదు. ఎవరికి చెప్తున్నావో ముందు అనుకో, ఆ తరువాత బాల్‌పెన్ను పట్టుకో.

విషయాన్ని వెతుక్కుంటూ పోవద్దు. అంగడివాడు గిరాకీని వెతుక్కుంటూ వీధిలో తిరగడు. పొద్దున్నే తలుపు తీసి, నీళ్ళు చల్లి, కూర్చుంటాడు. వచ్చేది వస్తుంది. రాని దినం కూడా కూర్చోవాలి. మూసిన అంగడికి రెండోసారి ఎవరూ రారు.

వాన లేదన్నావు. లేదని నీకు ఎట్లా తెలిసింది? మబ్బును చూసినావా? మట్టిని పిడికిలి పట్టి చూసినావా? ఆవు తోక ఎత్తిందా? అది రాయి. ఇంకొక మాట. ప్రతి మనిషికీ చెప్పలేక మింగినది ఒకటి ఉంటుంది. మెల్లగా పోయి దాని పక్కన కూర్చో. కదిలించవద్దు. అదే మాట్లాడుతుంది.

పెన్ను సంగతి మింగేసినావు. నాకు మరుపు రాలేదు.

తార


బేరిగై,
30 ఆగస్టు 2024.

తారమ్మకు,

నెల దాటింది, ఏమీ అనుకోవద్దు. నువ్వు చెప్పినట్టే చేసినాను. మట్టి రాసినాను. క్యాప్సికం షెడ్డులో పని చేసే మన ఈడు పిల్లమ్మ పాట మధ్యలో ఆపి తుమ్మడం రాసినాను. తరువాత, మింగినదాని పక్కన కూర్చో అన్నావు కదా, కూర్చున్నాను. ఆ చీటీ నీకు పంపుతున్నాను. అది ఇక్కడ ఉంటే భువన కంట పడుతుంది. తమిళ బడిలో చదివింది, తెలుగు చదవడం దానికి రాదు గానీ, అడుగుతుంది.

నా అక్షరాలు తెలియకపోవచ్చు, చీటీలో ఉన్నది ఇది:

"కదిరమ్మ పెండ్లయి వచ్చిన మూడో దినం రాగులు విసురుతూ అడిగింది: కథల సోమప్ప అంటారంట నిన్ను, ఒక కథ చెప్పు. రేపు అన్నాను. మరుసటి దినం అడిగింది. రేపు అన్నాను. కొన్ని ఏండ్లకు అది మా ఇంట్లో పరాచికం అయింది. కూరలో ఉప్పు లేదంటే రేపు వేస్తాను అనేది. నలభై ఆరేండ్లు కాపురం చేసింది. ఆస్పత్రిలో నా చేయి పట్టుకొని, ఇంక రేపు అనకు అంది. నాకు ఏ కథా రాలేదు. టమాట ధర చెప్పినాను. బాగుంది అంది."

ఇది రాసినాక మూడు దినాలు క్యాలెండరు జోలికి పోలేదు. కదిరమ్మ పోయి నాలుగేండ్లు. నేను కథలవాణ్ణి కాదని ఆమెకు కూడా చెప్పలేదు. మగవాడికి ఉన్నది ఒకే ఒక్క గొప్ప అయితే, అది తనది కాదని పెండ్లానికి చెప్పడం కష్టం.

నాలుగో దినం మళ్ళీ కూర్చున్నాను.

నిన్ను ఒకటి అడగాలి. చీటీలో సరిగ్గా పది వరుసలు పడతాయని నీకు ఎట్లా తెలుసు? నువ్వు రాస్తా ఉండావా?

సోమప్ప


కృష్ణగిరి,
16 సెప్టెంబరు 2024.

సోమప్పకు,

చీటీ చదివినాను. రెండుసార్లు. దిద్దలేదు. దిద్దవలసింది లేదు. నీ కథ ఇక్కడే మొదలైంది, విడవకు.

అంగడిలో పని ఎక్కువగా ఉంది. పండగ గిరాకీ. నేను పాత్రలు అమ్ముకునేదాన్ని, నాకు రాతలెక్కడివి?

పెన్ను ఉందా లేదా, అది చెప్పు.

తార


బేరిగై,
6 అక్టోబరు 2024.

తారమ్మకు,

నీ పోయిన ఉత్తరం అయిదారు వరుసలే. కోపమో, ఇంకేమో నాకు తెలియదు. నేను అడిగినదానికి నువ్వు జవాబు చెప్పలేదు. నువ్వు అడిగినదానికి నేనూ చెప్పలేదు. ఎవరో ఒకరు ముందు చెప్పాలి. నేను చెప్తాను.

పెన్ను ఉంది. భూమి పత్రాల పెట్టెలో గుడ్డ చుట్టి పెట్టినాను. కృష్ణగిరిలో ఎవరో పెద్దాయన దాన్ని నా జేబుకు తగిలించి వీపు తట్టినప్పుడు, ఇది నాది కాదు అని చెప్పడానికి నోరు తెరిచినాను. మాట రాలేదు. కేశవప్ప అయ్యవారు, "చూడండి, ఎంత వినయమో" అన్నారు. చప్పట్లు కొట్టినారు. ఆ చప్పట్లు ఇప్పటికీ నా వీపు మీద ఉన్నాయి.

ఆ పెన్నులో ఒకేసారి సిరా పోసినాను. నీ పెండ్లి ఖాయమైందని మా అమ్మ సంతలో విని వచ్చి చెప్పిన దినం. మీరు అప్పటికే బేరిగై విడిచి కృష్ణగిరికి పోయినారు. నీలాగా ఒక కథ రాయాలని కూర్చున్నాను. ఒకే ఒక్క మాట వచ్చింది. దాని తరువాత ఏం రాయాలో తెలియలేదు. సిరా పాళీలోనే ఎండిపోయింది. మళ్ళీ తెరవలేదు.

ఇంక నీ వంతు.

సోమప్ప


కృష్ణగిరి,
18 నవంబరు 2024.

సోమప్పా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించినాను. రోజూ కూర్చో, బాగా రాయాలని చూడవద్దు అని నీకు పాఠాలు చెప్పినదాన్ని!

అవును. రాస్తున్నాను. పెండ్లయి ఈ ఇంటికి వచ్చిన మొదటి వారం నుంచి. పొద్దున్నే లేచి వేన్నీళ్ళ పొయ్యి రాజేయడం కోడలి పని. గోడ మీద నిన్నటి చీటీ చించి, వెనక పది వరుసలు రాసి, ఒకసారి చదువుకొని, దానితోనే పొయ్యి అంటించేదాన్ని. యాభై ఏండ్లకు పైన ఈ ఇంట్లో అందరూ నా రాతలతో కాగిన నీళ్ళే పోసుకున్నారు. మా ఆయనకు కూడా తెలియదు. మంచి మనిషి, చెప్పి ఉంటే వద్దనేవాడు కాదు. నేనే చెప్పలేదు.

ఎందుకని అడుగుతావు. నీ ప్రైజు తరువాత నేను ఒక పెద్ద కథ రాసినాను. రెండు కాగితపు తావులు, రెండు వైపులా. దాని కింద నీ పేరు కాదు, నా పేరు పెట్టినాను. నాయన కంట పడింది. తిట్టలేదు, కొట్టలేదు. సంత దినం ఆ తావుల్లో బెల్లం పొట్లాలు కట్టి అమ్మినాడు. నేను పక్కన నిలబడి దారం అందించినాను. ఆ తరువాత నీ సంచిలో ఏమీ పడలేదు. నీకు గుర్తుండే ఉంటుంది.

రెండేండ్ల కింద కొడుకు గీజరు పెట్టించినాడు. పొయ్యి తీసేసినారు. చీటీలు కాల్చే చోటు లేదు. ఒక బెల్లం డబ్బాలో వేస్తున్నాను. డబ్బా నిండుతోంది. నాకు భయంగా ఉంది, సోమప్పా. ఇన్నాళ్ళూ రాసింది బూడిద అవుతుందనే ధైర్యంతో రాసినాను.

కృష్ణగిరిలో నేను కూడా చప్పట్లు కొట్టినాను. నా కథకు నేనే. నువ్వు ఒక్కసారి నా వైపు చూస్తావేమో అనుకున్నాను. చూడలేదు.

ఆ ఒక్క మాట ఏమిటి?

తార


బేరిగై,
2 డిసెంబరు 2024.

తారా,

చూసినాను. రెండో వరుసలో చివర కూర్చొని ఉండినావు. పసుపు పావడా. అందరికంటే గట్టిగా కొడుతుండినావు. అందుకే తల దించుకున్నాను.

నీ కథలు గోడ మీద అందరూ చదివినారు. నేను సంత లేని దినం పోయి, ఎవరూ లేనప్పుడు చదివేవాణ్ణి. ఒక కథలో మన ఊరి చింతపండు ముసలమ్మను రాసినావు. అది చదివినాక ఆమె దగ్గర చింతపండు కొనేటప్పుడు ఆమె ముఖం చూస్తూ చిల్లర తీసుకోవడం మరిచేవాణ్ణి. రోజూ చూసే మనిషిని నువ్వు రాసినాకే చూసినాను. నీ కథలు ఆగిపోయినాక ఊరు మళ్ళీ ఉత్త ఊరు అయింది. సంచిలో చేయి పెట్టి తడిమి చూసుకోవడం మాత్రం ఎనిమిదో తరగతి అయ్యేదాకా పోలేదు.

డబ్బాలోవి కాల్చవద్దు. ఒకటి పంపు. బడి పుస్తకానికి కాదు, నా పేరుకు కాదు. చదవడానికి.

మాట సంగతి తరువాత.

సోమప్ప


కృష్ణగిరి,
10 జనవరి 2025.

సోమప్పా,

ఉత్త "తారా" అని రాసినావు. అమ్మా, అత్తా, అవ్వా అనే తోకలేవీ లేకుండా నన్ను ఎవరైనా పిలిచి తొమ్మిదేండ్లు అయింది. మా ఆయన తరువాత నువ్వే. ఆ కవరు అంగడిలో గల్లా మీద పెట్టుకొని చాలాసేపు చూసినాను. నమిత, "అవ్వా, ఆ పొడిచే ఎద్దు తాత ఉత్తరమా?" అంది. "ఎద్దు నేను, ఆయన తాత" అన్నాను.

ఇందులో పదకొండు చీటీలు ఉన్నాయి, గుండుసూది తీసేటప్పుడు జాగ్రత్త. తేదీల ప్రకారం చదువు. కథ ఇది: ఒక పల్లెలో ఒకామె సంతలో కొన్న బెల్లం పొట్లం విప్పితే, కాగితం మీద సగం కథ ఉంటుంది. మిగతా సగం కోసం ప్రతి సంతకూ వచ్చి, అవసరం లేకపోయినా, అదే అంగడిలో బెల్లం కొంటుంది. ఇంట్లో బెల్లం గుట్ట పడుతుంది. చీమలు పడతాయి. అయినా కొంటుంది. అంతే కథ. ఆమె ఎవరో నాకు తెలియదు. ఉండి ఉంటుందని ఇన్నేండ్లుగా నమ్ముతున్నాను.

కడపటి చీటీ కింద చూడు. నీ పేరే ఉంది. నేను పెట్టాలని పెట్టలేదు, చేయి దానంతటదే రాసింది. మా నాయన పోయి నలభై ఏండ్లు, ఇప్పుడు నన్ను ఏమీ అనేవాళ్ళు లేరు. అయినా నా కథ కింద నా పేరు నా చేతికి రాదు. నీ కథ ఇంకా పూర్తి అయినట్టు లేదు, ఇది ఇచ్చేయి. పండగకు నెలన్నరే ఉంది. ఊరికి కథల సోమప్ప కావాలి. నాకు ఇది ఎక్కడో ఒకచోట అచ్చులో ఉంటే చాలు.

తార


బేరిగై,
11 ఫిబ్రవరి 2025.

తారా,

నీ కథ ఇచ్చేసినాను. ఎట్లా ఇచ్చినానో చెప్తాను. చివరిదాకా చదివి కోపం తెచ్చుకో.

చీటీలు మూడు దినాలు చదివినాను. తరువాత పెట్టె తెరిచి పెన్ను తీసినాను. పాళీ రాయిలా ఉండింది. లోటాలో వెచ్చని నీళ్ళు పోసి రెండు దినాలు నానబెట్టినాను. ముందు గోధుమ రంగు వచ్చింది, తరువాత నీలం వచ్చింది. అన్నేండ్ల సిరా నీళ్ళలో మెల్లగా కలిసిపోతుంటే, భువన చూసి, "ఏం కషాయం మామా అది?" అంది.

హోసూరుకు బస్సులో పోయినాను. సిరా బుడ్డి కోసం మూడు అంగళ్ళు తిరిగినాను. ప్రెస్సు దగ్గర శశికుమార్ సారు ఉన్నారు. బల్ల మీద నీ చీటీలు పెట్టినాను. కడపటి చీటీలో నా పేరు మీద బాల్‌పెన్నుతో గీత కొట్టినాను. నా బతుకులో నేను చేసిన దిద్దుబాటు అదొక్కటే.

"ఏంది తాతా, మీ పేరు కొట్టేస్తిరి?" అన్నారు ఆయన.

"కథ నాది కాదు సార్. అప్పటివీ నావి కావు. ప్రైజు కూడా నాది కాదు. అన్నీ ఈమెవే."

ఆయన చీటీలు ఒక్కొక్కటే తిప్పి తేదీలు చూసినారు. పక్కన ప్రెస్సు మిషను కొట్టుకుంటూ ఉంది. "ఇన్నేండ్లు యాడా చెప్పలేదా తాతా?" అన్నారు. లేదన్నాను. "ఇప్పుడు చెప్తే ఊళ్ళో మీ పేరు పోతాది కదా?" అన్నారు. "పోనీ సార్, అది యాడికి పోవల్లో ఆడికే పోతాది" అన్నాను. అంత పొడుగు మాట నేను ఇంకొకరితో అనడం ఆయన ఎప్పుడూ వినలేదు. కుర్చీ వేసినారు. కాఫీ తెప్పించినారు.

అప్పుడు పెన్ను మూత తీసినాను. ఆ ఒక్క మాట ఏమిటని అడిగినావు కదా. నీ పెండ్లి ఖాయమైన దినం, కథ రాయాలని కూర్చొని, తెల్ల కాగితం మీద రాసింది నీ పేరు. తార అని. దాని తరువాత ఏం రాయాలో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. దాని తరువాత ఏమీ రాయనక్కరలేదు, దానికి ముందు ఒక కథ ఉండాలి. అదే పెన్నుతో, అదే మాట, నీ కథ కింద రాసినాను. అక్షరాలు మాత్రం వంకరే.

అచ్చు అయిపోయింది. ఇంక ఆపడానికి లేదు. నువ్వు నన్ను అడగకుండా నా పేరు పెట్టినావు. నేను నిన్ను అడగకుండా నీ పేరు పెట్టినాను. చెల్లుకు చెల్లు.

నీ కథ పక్క పేజీలో నాదీ ఒకటి ఉంది. కదిరమ్మది. నీకు పంపిన చీటీలోది తలచుకొని మళ్ళీ రాసి, ఇంకొక రెండు వరుసలు కలిపినాను. ఆమెకు చెప్పవలసిన కథ ఇదే అని తెలియడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఇంక రేపు అననక్కరలేదు. దాని కింద నా పేరు ఉంది. అది నాదే.

ఇంకొకటి. పుస్తకం బయటికి రాకముందే సారు నీ కథను పెద్ద అక్షరాలతో రాయించి, మన బడి గోడకు, సంత వైపు, అంటించినారు. ఈ పొద్దు సంత. నేను పొద్దున్నే పోయి నిలబడినాను. తెలుగు చదవగలిగినవాళ్ళు కొందరే, ముసలివాళ్ళం. తక్కినవాళ్ళు చదివించుకున్నారు. షెడ్డులో పని చేసే పిల్లమ్మ కూరల గంప దించి, చివరిదాకా నిలబడి విన్నది.

"తార అంటే అంగడి హనుమంతయ్య కూతురే కదా?" అంది.

"అవును" అన్నాను.

"అయ్యో, ఆ పాప ఇంత రాసేదా! సరే గానీ సోమప్పా, ఆ బెల్లం ఆమెకు మిగతా సగం దొరికిందా లేదా? వచ్చే సంతకు ఉంటాదా?"

నన్ను కథల సోమప్ప అనకుండా ఉత్త సోమప్ప అంది. వినడానికి బాగుంది.

కనుక్కొని చెప్తాను అన్నాను. అందుకే ఈ ఉత్తరం. పండగ ఇరవై మూడో తేదీ. వస్తావో రావో నీ ఇష్టం, నేను వాకిలి పక్కనే కూర్చుంటాను. ఈసారి పలకరిస్తే తల ఊపి పోను. పెన్ను మాత్రం ఈ కవరులోనే పంపుతున్నాను, సిరా పోసి ఉంది, ఎండనివ్వకు. కోపం ఉంటే కోపంగానే రాయి. పది వరుసలు చాలు, కింద నీ పేరు ఉండాలి. వచ్చే సంతలోపు చేరేటట్టు త్వరగా రాయి.

సోమప్ప